రామకుప్పం కణుపులు

పుంగనూరు దగ్గర, ఇటుకబట్టీలకూ లారీల రోడ్డుకూ నడుమ ఉన్న చేలో, ఆవు మేతకని నాటినా మోకాలెత్తు దాటని నేపియర్ గడ్డి ముందు నిలబడింది రెడ్డెమ్మ. మదనపల్లె నుంచి వచ్చిన పశువుల డాక్టరు మచ్చలు పడిన ఆకును వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"నువ్వు నాటిన కణుపు ముక్కలు మంచివే రెడ్డెమ్మా. నీళ్లూ ఎరువూ మంచివే."

"మంచివైతే మూడుమార్లు నాటినా యాల పైకి లేయలేదు సార్? మా రామకుప్పం అక్క మనసులేకుండా ఇచ్చింటాది. ఏడ్సుకుంటా ఇస్తే మట్టిలో ఏర్లు దిగతాయా? అందుకే ఆమె బిడ్డ పెండ్లికి గూడా నేను పోలా."

"నిన్న మీ అక్క చేను చూసొచ్చినా. ఇవే కణుపులు ఆడ తలెత్తు పెరిగుండాయి."



"అయితే నా గడ్డికి ఏమొచ్చింది సార్?"

"గాలి. ఒక్క బట్టీపొగే అయితే కొంత ఓర్చుకునేది. లారీపొగ గూడా దాంతో కలిసింది. రెండూ కలిస్తే ఓర్చుకోలేదమ్మా."

"బట్టీ ఆయప్పను అడిగితే రోడ్డును సూపిస్తాడు. రోడ్డోళ్లను అడిగితే బట్టీని సూపిస్తారు. నేను ఎవురితో కొట్లాడేది?"

డాక్టరు ఆకును కింద పడేశాడు.

"పిడికెడు మేసే మా పుంగనూరు పొట్టి ఆవుకు గూడా ఈ గడ్డి సాలదు సార్. దాన్ని అక్క దగ్గరికే తోలేస్తా. కాళ్లు పట్టుకొని అడుగుతా."

"మరి మీరు? పిల్లోళ్లు?"

రెడ్డెమ్మకు దగ్గు తెర వచ్చింది. తగ్గేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేమేమన్నా గడ్డా సార్? ఓర్సుకుంటాం."