రాఘవులన్న చదివిన పేర్లు

ఆ ట్రే ఒళ్లో పెట్టుకో హాసినీ, సీటు మీద పెడితే జారుతుంది. పులిహోరే, మీ ఆంటీ పొద్దున్నే లేచి కలిపింది. ఎవరికా? వాల్డ్రప్ అని మా చర్చిలో ఆదివారం ప్రార్థన చదివే తెల్లాయన, ఒంట్లో అస్సలు బాలేదు. జబ్బు మనిషి దగ్గరికి వెళ్తూ నవ్వుతానేంటంటావా? వాల్డ్రప్‌కి జబ్బు అనగానే నాకు రాఘవులన్న గుర్తొస్తాడు, నేనేం చెయ్యను. నువ్వు చూళ్లేదులే. నువ్వు ఇండియాలో ఇంకా స్కూలుకి వెళ్తుండగానే పోయాడు.

దోర్నకల్ మనిషి. ఇక్కడ డాలస్‌లో హాస్పిటల్ ల్యాబ్‌లో పని. రోజంతా సీసాల్లో నెత్తురు చూడటం, మాట్లాడ్డానికి మనిషి దొరకడు. ఇంటికెళ్తే వదిన టీవీ ముందు. ఆయన మాట నలుగురు వినేది ఆదివారం ప్రార్థన చదివేటప్పుడే, ఒక్క ఐదు నిమిషాలు. దానికోసం శనివారమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. నువ్వు గుడికెళ్లేదానివి కాబట్టి చెప్తున్నా, అర్చనలో గోత్రనామాలు చదువుతారే, అలాంటిదే. కాకపోతే మా దాంట్లో వరస ఉంటుంది. ముందు ఏలేవాళ్ల పేర్లు, తర్వాత జబ్బుపడ్డవాళ్లవి, ఆఖర్న పోయినవాళ్లవి. ఈ వరస గుర్తుపెట్టుకో, కథంతా దాంట్లోనే ఉంది.

మాది ఎపిస్కొపల్ చర్చి. అంటే ఇంగ్లండ్ రాజుగారి చర్చికి అమెరికా కొమ్మ అనుకో. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు వీళ్లు రాజుని వదిలేశారు గానీ రాజుకోసం చేసే ప్రార్థనని వదల్లేదు. రాజుని కొట్టేసి అక్కడ ప్రెసిడెంట్ అని రాసుకున్నారు, పొదుపు మనుషులు. ఒకప్పుడు జడ్జిలూ బ్యాంకు పెద్దలూ అంతా ఇక్కడే కూర్చునేవాళ్లంట. ఇప్పుడు సగం బెంచీలు ఖాళీ. ప్రకటనలు మాత్రం తగ్గలేదు, యుద్ధం మీద ఒకటి, బార్డర్ మీద ఒకటి, తుపాకుల మీద ఒకటి. బిషప్పుగారు ప్రపంచం కోసం రాస్తారు, ప్రపంచం చదవదు, మేం చదివి కాఫీ దగ్గర కొట్టుకుంటాం. ఇరాక్ యుద్ధం అప్పుడైతే మరీనూ. ప్రెసిడెంట్ పేరు చదవద్దని సగంమంది, చదవాల్సిందేనని సగంమంది. రాఘవులన్న చదివాడనుకో, వీళ్లు మరీ గట్టిగా చదివాడంటారు, వాళ్లు గొణిగాడంటారు. నేనే అడిగా, ఎందుకన్నా ఈ గోల, పేరు వదిలేయొచ్చుగా అని. ఆయనేమన్నాడో తెలుసా? "దోర్నకల్లో ఎలాంటి కలెక్టరొచ్చినా పేరుపెట్టే ప్రార్థన చేసేవాళ్లం తమ్ముడూ. నచ్చినోడికి మనం ఉన్నాం. నచ్చనోడికే దేవుడు కావాలి."

సరే, ఈ వాల్డ్రప్. ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు. సిటీ కౌన్సిల్‌కి పోటీ చేస్తూ, ఎలక్షన్ కొద్దిరోజుల్లో ఉందనగా ఉన్నట్టుండి భక్తుడైపోయాడు. ముందు బెంచీలో కూర్చునేవాడు, పాటలన్నీ తప్పు రాగంలో అందరికంటే గట్టిగా పాడేవాడు. మా చర్చి ఫాదర్‌కి పార్కింగ్ లాట్ పెంచుకోవాలని ఆశ, దానికి సిటీవాళ్ల పర్మిషన్ కావాలి. చర్చి నుంచి ఫలానావాడికి ఓటెయ్యండి అని చెప్తే చర్చికున్న టాక్స్ మినహాయింపు పోతుంది. అందుకని రాఘవులన్నని పక్కకి పిలిచాడు. చూడు రాఘవులూ, ఓటు మాట అనక్కర్లేదు, ఆయన పేరు ప్రార్థనలో ఊరికే చదువు చాలు అని. అన్న కుదరదన్నాడు. ఇప్పటికే నీమీద కంప్లయింట్లున్నాయి, చదవడానికి వేరేవాళ్లని చూడమంటావా అన్నాడు ఫాదర్, నవ్వుతూనే. ఆ నవ్వు చూడాలి నువ్వు, ఇళ్ల ఏజెంటు దగ్గరే నేర్చుకున్నట్టుంది. అన్న చేతిలో పేర్ల కాగితం చూసుకున్నాడు. ఎక్కడ చదవను ఫాదర్, ఆయనింకా ఏలట్లేదు కదా అన్నాడు మెల్లగా. ఎక్కడ పడితే అక్కడ చదువు, పేరు వినపడాలి అంతే, అనేసి ఫాదర్ గౌను వేసుకోడానికి వెళ్లిపోయాడు.

అన్న చదివాడమ్మా. ఏలేవాళ్ల పేర్లు అయిపోయాయి. పోయినవాళ్లలో పెట్టలేడు, మనిషి ఎదురుగా కూర్చున్నాడాయె. జబ్బుపడ్డవాళ్లలో పెట్టి, పేరు ఇంటిపేరుతో సహా, స్పష్టంగా చదివాడు. వాల్డ్రప్‌కి మా వరస ఎలా తెలుస్తుంది? కళ్లు మూసుకుని వింటున్నవాడు పేరు వినపడగానే వెనక్కి తిరిగి అందరికీ చిరునవ్వు పంచాడు. ఆ నవ్వు చూసి ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, ఎంత ధైర్యం పాపం అని.

మర్నాటి నుంచి చూస్కో. మా చర్చిలో జబ్బు అంటే వంటే. గిన్నెతో సహా ఓవెన్లో వండి తెస్తారే, ఆ కాసరోల్ మీద కాసరోల్, వాళ్ల ఫ్రిజ్ మూతపడలేదు. మీ ఆంటీ పులిహోర పట్టుకెళ్లింది. వాల్డ్రప్ స్వయంగా తలుపు తీసి థాంక్స్ చెప్పాడంట, ఇదేదో చర్చి సపోర్ట్ అనుకుని. ఈవిడొచ్చి, పాపం మనిషి పైకి బానే కనపడుతున్నాడు, లోపల్లోపలే అయ్యుంటుంది అంది. ఊరంతా పాకింది. అవతలి అభ్యర్థి పూలు పంపాడు, ఫోటో కూడా తీయించుకున్నాడు. జబ్బు మనిషిని ఆఫీసు చుట్టూ తిప్పడం పాపమని మనవాళ్లు జాలితో అవతలివాడికి ఓట్లు గుద్దారు. వాల్డ్రప్ ఓడిపోయాడు.

ఫాదర్ మండిపడ్డాడు. ప్రార్థనని వెటకారం చేశావు అన్నాడు. అన్న మాత్రం తొణకలేదు. "వెటకారం కాదు ఫాదర్. మనిషిని చూసే పెట్టాను." అంతే, చదవడం పోయింది. అప్పట్నించి వెనక బెంచీలో కూర్చునేవాడు. ఇస్త్రీ చొక్కా మాత్రం మానలేదు. వేరేవాళ్లు చదువుతుంటే పెదాలు కదిపేవాడు, నేను పక్కనే కదా, చూసేవాణ్ణి.

పార్కింగ్ లాటా? రాలేదు. ఫాదర్ కూడా ఇంకో ఊరు వెళ్లిపోయాడు. వాల్డ్రప్ ఇక రాడనుకున్నాం. కానీ ఆ గిన్నెలున్నాయిగా, అడుగున పేర్లు అతికించినవి, తిరిగివ్వాలి. ఒక్కో ఆదివారం కొన్ని తెచ్చేవాడు, తెచ్చినప్పుడల్లా కాఫీకి ఆగేవాడు. గిన్నెలు అయిపోయాయి, ఆయన మాత్రం రావడం మానలేదు. వెనక బెంచీలోనే, అన్న పక్కనే కూర్చునేవాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. అన్న పోయాక ప్రార్థన చదువుతానని ఆయనే అడిగాడు. ప్రెసిడెంట్ ఎవరైనా పేరు వదల్డు, అచ్చం అన్నలాగే. ఏటా నవంబర్లో పోయినవాళ్లందర్నీ తలుచుకునే ఆదివారం రాఘవులు అని చదువుతాడు.

మొన్న ఆదివారం ఆయన రాలేదు కదా, నన్ను చదవమన్నారు. జబ్బుపడ్డవాళ్ల దగ్గరకొచ్చి వాల్డ్రప్ అని చదివి తలెత్తి చూశా. పాతవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు. డాక్టర్లేమన్నారంటే...

ఇదే ఇల్లు. ట్రే ఇటివ్వు, నేను పట్టుకుంటా. బెల్ నువ్వు కొట్టు.