బసవపున్నయ్య తిప్పిన బంగళా

యూసుఫ్‌గూడలో శకుంతలమ్మ ఇంటి వీధి తలుపు చట్రాన్ని చెదలు తినేశాయి. చట్రం ఊడదీద్దామంటే దాని పైన గోడ పగిలి ఉంది. ఆ గోడ మీదే మేడ గది. అందులో పసిబిడ్డతో ఒక జంట కిరాయికి ఉంటోంది. ముందు గోడకు దన్నుగా ఇటుక దిమ్మెలు కట్టి, ఆ తర్వాత చట్రం మార్చగల మేస్త్రీ కావాలి, అదీ వానలు ముదరకముందే. ఈ సంగతి ఆమె కృష్ణానగర్‌లో టీ కొట్టు నడిపే హనుమంతుకు చెబుతుండగా, బల్ల మీద కూర్చున్న బసవపున్నయ్య తన టీ గ్లాసు కింద పెట్టాడు. పనుల్లేక ఆయన కొన్నాళ్లుగా ఆ బల్ల మీదే ఉంటున్నాడు.

"ద్వారబంధమా అమ్మగారూ? నాకొదిలేయండి. జూబ్లీహిల్స్‌లో ఒక ప్రొడ్యూసర్ గారి బంగళాకి సరిగ్గా ఇదే పని చేశాను. పేరు చెప్పనులెండి, ఆయనకి నచ్చదు. టేకు ద్వారబంధం, పైన గోడ బీటలిచ్చింది, అచ్చం మీ ఇంటిలాగే. ఇంజినీర్లు వచ్చి చూసి, కాఫీ తాగి వెళ్లిపోయారు. నేను గోడని వేలితో ఒకసారి తట్టాను, అంతే, ఇటో దిమ్మె, అటో దిమ్మె, పైన ఇనప దూలం అన్నాను, సాయంత్రానికి లేపేశాను."

"గిది జరగొచ్చు," అన్నాడు హనుమంతు పాలు పోస్తూ.

"జరగొచ్చేంటయ్యా, జరిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మాలు మామూలు మాలు కాదు, సిమెంటులో కరక్కాయ కషాయం, బెల్లం నీళ్లు, ఇంకోటి కూడా ఉంది, అది మా తాతగారి పాళ్లు, చెప్పను. తెల్లారేసరికి దిమ్మెలు బిగుసుకున్నాయి, బిగుసుకుని ఊరుకోక పులిసిన పిండిలాగా పొంగాయి, పొంగి గోడని పైకి నెట్టాయి, గోడతో పాటు మేడ, మేడతో పాటు నీళ్ల ట్యాంకు, మొత్తం బంగళా జానెడు లేచింది. పనమ్మాయి వచ్చి కాలు పెట్టబోతే మెట్టుకీ ఇంటికీ మధ్య నుంచి పెరడు కనపడింది."

"లోపలున్నోళ్లు?" షూటింగ్ వ్యాన్ కోసం చూస్తున్న లైట్‌మన్ రాఘవేంద్ర అడిగాడు.

"హాయిగా నిద్ర. మంచం పక్కన గ్లాసులో నీళ్లు కూడా తొణకలేదు. ప్రొడ్యూసర్ గారు లేచి, 'పున్నయ్యా, ఏసీ వేయకుండానే ఇంత చల్లగా ఉందేంటయ్యా' అన్నారు. కింద నుంచి గాలి కొడుతోందని నేను చెప్పలేదు. పెద్దాయన, కంగారుపడతారు."

శకుంతలమ్మ నవ్వలేదు. శ్రద్ధగా వింటోంది.

"ఇంతలో వాస్తు చూసే సత్యనారాయణమూర్తి గారు దిగారండీ. దక్షిణ ద్వారం ఉన్నన్నాళ్లూ సినిమా రిలీజ్ కాదు, తలుపు తూర్పుకి మార్చండి అన్నారు. తూర్పున పూజగది. దాన్ని పగలగొట్టనివ్వనని మేడమ్ గారు అడ్డం కూర్చున్నారు. అప్పుడు నేనన్నాను, తలుపెందుకండీ మార్చడం, ఇల్లే మారుద్దాం అని. ఒక దిమ్మె తీసేశాను."

"తీస్తే కూలదా?"

"ఇంకొకడు కట్టింది కూలుద్ది రాఘవేంద్రా. నాది కాబట్టి బంగళా మొత్తం రెండో దిమ్మె మీద తిరగలి రాయిలాగా నిలబడింది. భుజం ఆనించి మెల్లగా తోశాను. ఆగ్నేయం దగ్గర కాసేపు ఆగాను, వంటింట్లో పెసరట్టు తిరగేస్తున్నారు, చెయ్యి జారకూడదు కదా. అక్కణ్నుంచి తూర్పు. ఎంత సాఫీగా తిరిగిందంటే, పక్కింటాయన కిటికీలోంచి చూసి తనకే కళ్లు తిరుగుతున్నాయనుకుని డాక్టర్‌కి ఫోన్ చేశాడు."

"గాయన బతికిండా?" అన్నాడు హనుమంతు.

"బతికి, మర్నాడు తన ఇల్లు కూడా తిప్పమని నా దగ్గరికే వచ్చాడు. ఆ తర్వాత బంజారాహిల్స్ వాళ్లు. ఒకాయనకి బాల్కనీలోంచి కొండ కనపడాలి, ఇంకొకాయనకి వియ్యంకుడి ఇల్లు కనపడకూడదు. తిప్పీ తిప్పీ వీధి వీధంతా తిప్పేశాను. ఫోన్లో దారి చెప్పే ఆవిడ కూడా, 'ఇక్కణ్నుంచి నాకు తెలియదు, పున్నయ్య గారిని అడగండి' అనేసింది."

రాఘవేంద్రకు టీ పొలమారింది. శకుంతలమ్మ మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుంది. మేడ మీద పసిబిడ్డ ఉందని తెలిసి, ఆమె ఇప్పటికి అడిగిన మేస్త్రీలంతా తల అడ్డంగా ఊపినవాళ్లే.

"తిప్పుడు గిప్పుడు వద్దు బిడ్డా, మా ఇల్లు ఉన్నకాడనే ఉండనీ. పైన గోడ పడకుంట దిమ్మెలు కడ్తవా?"

"నిద్రలో కడతానమ్మా."

"గట్లయితే గురువారం మొదలువెట్టు. గడప కింద వెయ్యనీకి నవధాన్యాలు, పసుపు నేను తెచ్చి పెడ్త. గడప నువ్వే నిలవెడ్తవా, చెక్కపని చేసే వడ్లాయనను పిలవాల్నా?"

బసవపున్నయ్య అదే ఊపులో ఉన్నాడు.

"గడపెందుకమ్మా? నేను కట్టిన ఏ ఇంటికీ గడప పెట్టలేదు. గడపుంటే కెమెరా ట్రాలీ లోపలికెలా వస్తుందండీ?"

హనుమంతు గరిట ఆగింది. రాఘవేంద్ర రోడ్డు వైపు చూశాడు. తానేమన్నాడో బసవపున్నయ్యకు కాస్త ఆలస్యంగా అర్థమైంది.

శకుంతలమ్మ కోప్పడలేదు. "నువ్వు కట్టిన ఇండ్లల్ల ఎవరన్న పండుకున్నరా బిడ్డా?"

"పడుకున్నారండీ. ఒక పాటలో, హీరోయిన్ గారు."

ఆమె లేచి సంచి అందుకుంది. "హనుమంతూ, ఇంకెవలన్న మేస్త్రీ ఉంటే ఫోన్ కొట్టు. సినిమా సెట్లు కట్టెటోళ్లు వద్దు."

హనుమంతు ఫోన్ తీశాడు. అది మోగుతుండగా ఆమె బసవపున్నయ్య వైపు తిరిగింది.

"మరి గా పాటల పండుకున్న పిల్ల లేచేదాక ఇల్లు నిలవడ్డదా?"

"నిలబడిందండీ," అన్నాడు బసవపున్నయ్య గ్లాసు చేతిలోకి తీసుకుంటూ. "వెనక నలుగురం పట్టుకున్నాం."