సెలైన్ ఎక్కించే ముందు మాట చెప్పిన స్టెల్లా గారు

2006 జూలై 3వ తేదీన శ్రీమతి స్టెల్లా గారు మాదాపూర్‌లోని మా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరారు. నిజాంపేట నుంచి రెండు బస్సులు మారి వచ్చినా వారు ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదు, మమ్మల్నీ రానివ్వలేదు. ఆ రెండో సంగతి మాకు పరమానందం కలిగించిందని చెబితే అబద్ధమవుతుంది.

2013లో పక్షవాత చికిత్సా విభాగం ప్రారంభం కాగానే దాని బాధ్యత వారికి దక్కింది. మెదడులో గడ్డను కరిగించే ఇంజెక్షన్ గురించి మేమంతా గొప్పగా చెప్పుకుంటుంటే, ఆ తరువాత సెలైన్ ఎంత వేగంతో ఎక్కుతోందో కనిపెట్టడమూ చికిత్సేనని నేర్పినవారు స్టెల్లా గారు. బాటిల్‌కు తెల్ల ప్లాస్టర్ అతికించి, ఏ గంటకు నీరు ఎక్కడికి దిగాలో గీతలు గీసేవారు.

మరుసటి ఏడాది నానక్‌రామ్‌గూడలో ఆఫీసులోనే పక్షవాతంతో కుప్పకూలిన మహేందర్ గారికి సకాలంలో ఆ ఇంజెక్షన్ అందింది. గుండె బలహీనం కనుక సెలైన్ నెమ్మదిగా పెట్టారు. పొద్దుటి నుంచి ఏమీ తినని కొడుక్కి త్వరగా శక్తి రావాలని తల్లి సక్కుబాయి గారు సెలైన్ వేగాన్ని మార్చే గొట్టం మీది చక్రాన్ని పూర్తిగా తిప్పేశారు. నాలుగు గంటల నీరు అరగంటలో దిగింది. గీత చూసిన స్టెల్లా గారు వెంటనే సెలైన్ ఆపి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసపడుతున్న రోగిని లేపి కూర్చోబెట్టి, డాక్టరును పిలిచారు. ఊపిరి కుదుటపడేవరకు మంచం పక్క నుంచి కదలలేదు.

జరిగినదానిపై ఇచ్చే నివేదికలో తప్పు రోగి బంధువులదని రాస్తే సరిపోయేది. స్టెల్లా గారు తన పేరే రాశారు.

“తిప్పింది నేను గద. నీ పేరు రాసుకుంటవేంది బిడ్డా?” అన్నారు సక్కుబాయి గారు.

“ఎందుకు మెల్లగా పెట్టామో మీకు చెప్పలేదండి. ఆ పొరపాటు నాదే.”

సంజాయిషీ నోటీసు వచ్చింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని ఆ వారంలో కూడా స్టెల్లా గారు ఇచ్చిన జవాబు ఒకటే, పొరపాటు తనదేనని. సెలైన్ పెట్టే ముందు ఇంటివారికి రెండు నిమిషాలు వివరించడం నియమం చేయాలని కోరారు. యాజమాన్యం కాస్త గొణిగినా ఒప్పుకుంది. మహేందర్ గారు తొమ్మిదో రోజున తల్లి చేయి పట్టుకుని నడిచి వెళ్లారు. నేడు చుక్కలు లెక్కపెట్టడానికి యంత్రాలు వచ్చినా, ఆ రెండు నిమిషాల మాట మా విభాగంలో ఇంకా మనుషులే చెబుతున్నారు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి స్టెల్లా గారు, భర్త దానియేలు గారితో కలిసి, సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు హాయిగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాం. వారు విరమణ చేశాక ఇక్కడ పొరపాటు జరిగితే, ముందుగా మా పేరు రాసుకునే ధైర్యం మాకూ కలగాలి.