రెండో స్తంభం మీద ఆరేసిన బట్టలు

“ఓయ్ దిక్కులయ్యా! మనం జీపులో ఉన్నామా, చేపల మధ్య ఉన్నామా?” అని కల్నల్ గారు వైర్‌లెస్‌లో ఒకటే అరుపులే అమ్మలూ. దిక్కులయ్యంటే ఎవరనుకున్నావ్, మీ తాతయ్యే. దారి చెప్పే రేడియో తయారుచేస్తున్నారని ఆఫీసంతా కలిసి పెట్టిన పేరది. అదేం రేడియో అంటావా, ఏముందీ, మూడు చోట్ల మూడు ఎత్తైన స్తంభాలు. వాటినుంచి పొడుగాటి అలలు, లో ఫ్రీక్వెన్సీ అంటార్లే, పొగమంచున్నా అడవున్నా నేలను పట్టుకుని పాకిపోతాయి. ఆ మూడింటినీ విని జీపులో ఉన్న పెట్టె మనమెక్కడున్నామో చెప్పెయ్యాలి. దారి తప్పిన సిపాయికి అంతకన్నా ఏం కావాలి! ఆరోజు సైన్యంవాళ్ల పరీక్ష. జీపు వెనక కల్నల్ గారినీ మీ తాతయ్యనీ కూర్చోబెట్టి, చుట్టూ నల్లగుడ్డలు కట్టి తిప్పారు. పెట్టె తప్పు చెప్పిందో, ఆ పనే మూసేస్తామన్నారు. మీ తాతయ్య నిద్ర మానుకుని గీసిన డిజైనే అదీ! తీరా చూస్తే, జీపు చెరువు నడిమధ్యన ఉందంటోంది పెట్టె. నేనా? రెండో స్తంభం గదిలో మీటర్లు చూసేదాన్ని, అప్పటికింకా పెళ్లి కాలేదుగా. “రెండో స్తంభమే తడబడుతోంది, కాస్త బయటికెళ్లి చూడండి” అన్నారు మీ తాతయ్య జీపులోంచి. చూద్దును కదా, నా తల్లీ, ఏం చెప్పను! పొద్దున మేం మీట వెయ్యకముందే కాపలా సిపాయిలు ఉతికిన యూనిఫారాలన్నీ స్తంభం తీగల మీద ఆరేసుకున్నారు! ఎండ బాగా తగుల్తుందనిట! అంత తడి మీద పడితే అల అడుగు తప్పదూ? మీట కట్టేసి బట్టలు లాగుతూ నేను, బనీన్లతో నా వెనక వాళ్లు. “అక్కా, చొక్కా చిరుగుతుందక్కా!” “చిరగనీ, మీ చొక్కాలు మండ!” మళ్లీ మీట వేశా. మీటరు ముల్లు నిలబడింది. “వంతెన మొదట్లో, ఎడమ పక్కన” అన్నారు మీ తాతయ్య. గుడ్డ ఎత్తారు. వంతెనేనే! ఎడమ పక్కనే! కల్నల్ గారి చప్పట్లు వైర్‌లెస్‌లో నాకు వినబడ్డాయి. ఆ ఊపులో మైకు కట్టెయ్యడం మర్చిపోయి, అంతమంది వింటుండగా, “నేనంటే ఇష్టమేనా మీకు?” అని అడిగేశారే మహానుభావుడు! నేనేమన్నానో తెలుసా? “రెండో స్తంభం బాగానే ఉంది సార్, ఓవర్.” నవ్వకే! పెళ్లయ్యాక కూడా, “రెండో స్తంభం ఎలా ఉందోయ్?” అని ఏడిపించడం, నేను గరిటె చూపించడం. ఏంటీ, ఆ తర్వాతైనా చెప్పలేదా అంటావా... అదేంటో, నోటిదాకా వచ్చేది. ఆస్పత్రిలో ఆయన చివరిరోజు కూడా దుప్పటి సర్దానే గానీ... ఉండవే, మీ తాతయ్య ఫోటో వైపు అలా చూడకు, నాకు సిగ్గేస్తుంది... ఇష్టమేనండీ. మీరంటే నాకు చాలా ఇష్టం.