మల్లక్క పోసిన ఒడిబియ్యం

ఏ మల్లక్కనంటవేంది బిడ్డా? బెల్లంపల్లిల మా ఇండ్ల లైన్లనే ఉండేది, బొగ్గుబాయి మీద తట్టలు మోసేది. మొగడు బాయి కూలి సచ్చిండు, పిల్లల్లేరు. నోరు మాత్రం, అబ్బో! బాయి సర్దార్ సుత గామెను చూస్తె బీడీ దాసుకునేటోడు. ఆఁ, ఏం జెప్తున్న? దేవకి ముచ్చట గదా. దేవకిది పెన్‌గంగ ఒడ్డున ఊరు. వేరే కులపోడని ఇంట్ల వద్దంటె, మా గట్టయ్యను చేసుకోని లేచొచ్చింది. కాపురం మా లైన్లనే. ఇగ ఓ పొద్దు పిల్ల అన్న అంబదాస్ ఎడ్ల కచ్చురం కట్టుకోని దిగిండు, ఎంట ఇద్దరు మొగోళ్ళు. గట్టయ్యేమొ బాయిల ఉన్నడు. వీడు తియ్యగ, ‘చెల్లె, అయిందేదొ అయింది. అవ్వ నీకు ఒడిబియ్యం పోస్తనంటుంది, నడువు’ అన్నడు. అవ్వ పేరు చెప్తె ఏ పిల్ల ఆగుతది? ఏడ్సుకుంట మంచిచీర కట్టుకుంటుంది. మల్లక్క బొగ్గుచేతులతోనే అచ్చి గడపల నిలవడ్డది. ‘ఒడిబియ్యానికా తమ్మీ? మరి బొట్టువెట్టి పిలిసే ఆడమనిషేది? జంటను కూసోవెట్టి పోస్తరు గని, మొగడు లేకుంట పిల్లనొక్కదాన్నే తోల్కపోతరా? అండ్ల గిది ఆషాఢమాయె!’ దేవకి చెయ్యి కుచ్చిళ్ళ కాడ్నే ఆగిపోయింది. ‘అన్నా, చిన్నాయిన బిడ్డను సుత గిట్లనే ఒడిబియ్యమని తీస్కపోయినవు. పాము కరిసి సచ్చిందన్నవు.’ అంబదాస్ పిల్ల రెట్ట వట్టి గుంజిండు. మల్లక్క ఇడిపిచ్చి, ‘ఒడి నింపుడే గదా మీకు గావాల్సింది? నేను నింపుత’ అన్నది. వాడు నవ్విండు, ‘ముండమోసినదానివి, నువ్వు ఒడి నింపుడేంది?’ అని. ‘బొగ్గు మోసే చేతులకు బియ్యం బరువా? ఆషాఢం పాపం నాకే తగలనీ. ఏ ఎల్లీ, బియ్యం చెంబు తే!’ నేనే బిడ్డా గా ఎల్లిని, ఎల్లక్కను. ఉరికిన. లైన్ల ఆడోళ్ళందరు తలా గుప్పెడు తెచ్చిండ్రు, కొందరి చేతుల్ల పారలు సుత ఉన్నయి. గట్టయ్య బాయిలకెల్లి పైకెక్కి అచ్చేదాక వాళ్ళను కదలనియ్యలే. జంటను కూసోవెట్టి మల్లక్కనే పోసింది. ‘ఇగ గిది నా బిడ్డ. తోల్కపోవాల్నంటె నన్నడుగు!’ అన్నది. కచ్చురం ఉత్తదే మర్లిపోయింది. వాడా? మల్ల రాలేదు. మల్లక్క సచ్చిననాడు పాడె ముంగట నిప్పుకుండ పట్టుకోని నడిసింది దేవకే. ఆడది కుండ పట్టుడేందని ఎవడో అన్నడు. అన్నడు గని, దేవకి ఎనుకకు తిరిగి ఒక్క సూపు సూసింది, ఇగ వాడు...

ఆ చాట ఇటియ్యి. బియ్యంల అన్నీ రాళ్ళే.