ఓడకెక్కించే సామాను

గుణదలలో ఒక అద్దె ఇల్లు. ఆదివారం, చర్చిలో పూజ నుంచి వచ్చాక. డేనియల్, అతని భార్య హెలెన్ ముందుగదిలో సామాను వేరు చేస్తున్నారు. న్యూజిలాండ్‌కి ఓడలో పంపాల్సిన వాటికి సుద్దతో గుర్తు పెట్టి ఉంచమన్నారు ప్యాకర్లవాళ్ళు. పొద్దున్నే వస్తారు.

“గ్రైండరు వద్దన్నానా లేదా?”

“అన్నారు. నేను వినలేదు.”

“అది రాయి హెలెన్. ఓడ మునిగిపోద్ది.”

“మునగదులెండి. అక్కడ ఇడ్లీపిండి మీ మేనేజరు రుబ్బి పెడతాడా?”

“మిక్సీలో వేసుకుంటారంట అందరూ. శివాజీ చెప్పాడు.”

“శివాజీ మీకంటే ముందు వెళ్ళాడని ఆయన చెప్పిందల్లా వేదమా? వాళ్ళావిడ ఇడ్లీలు నేను తిన్నాను. గోడకేసి కొడితే తిరిగొస్తాయి. సుద్ద పెట్టండి.”

“సరే, పెట్టా. కుట్టుమిషను?”

“పెట్టండి.”

“ఫ్రిజ్జు?”

“ఇంటివాళ్ళు ఉంచెయ్యమన్నారుగా.”

“ఈ మంచం?”

“వద్దు. చెక్కది కదా. చెక్క సామానైతే అక్కడ దించగానే విప్పి చూస్తారంట, పురుగుందేమోనని.”

“అవును, ప్యాకర్లతను చెప్పాడు. అయితే చెక్కవి ఏవీ వద్దు.”

“ఆ మాట నేననలేదు.”

“ఇప్పుడేగా అన్నావు!”

“మంచం వద్దన్నాను. మరియమాత స్వరూపం మాత్రం ఓడలో వేయకండి. చేత్తో పట్టుకెళ్దాం.”

“ఏదీ, బిడ్డనెత్తుకున్నదా?”

“కాదు. చేతులు జోడించింది.”

“బిడ్డనెత్తుకున్నది ఏది మరి? గూట్లో లేదే.”

“పక్కింటావిడకి ఇచ్చేశాను.”

“ఇచ్చేశావా? మీ అమ్మ ఇచ్చింది కదే అది!”

“బరువండీ.”

“బరువా? గ్రైండరు బరువు లేదు గాని...”

“ఆ గిన్నెల పెట్టె ఇలా జరపండి. కాలికి తగులుతోంది.”

“జరిపాను. ఇక గిన్నెలు అయిపోయినట్టేనా?”

“గిన్నెలయ్యాయి. కుర్చీ పంపిద్దాం.”

“ఏ కుర్చీ?”

“ఏ కుర్చీ అంటారేంటండీ? మనింట్లో కుర్చీ అంటే ఏది?”

“స్టెల్లాదా?”

“ఊ.”

“అది చెక్క కదా హెలెన్.”

“టేకు. పురుగు పట్టదు. విప్పి చూసుకుంటే చూసుకోనీండి.”

“నువ్వు అది ఓడెక్కిస్తే మరి పిల్ల దేంట్లో కూర్చుంటది?”

“ఎక్కడ?”

“ఎక్కడేంటి? జంక్షన్లో. సిస్టర్ల హోములో.”

“అక్కడ వాళ్ళ కుర్చీలున్నాయిగా. వెళ్ళినప్పుడు చూశాం.”

“చూశాం. చక్రాలవి, గుడ్డవి. వాటిల్లో దీని నడుం నిలవదు, పక్కకి ఒరిగిపోద్ది. ఆ రోజు వచ్చేటప్పుడు బస్సులో నువ్వే అన్నావు.”

“అన్నాను.”

“వడ్రంగి చేత మూడుసార్లు కోయించి, మెడ దగ్గర దిండు కుట్టి, బెల్టులు పెట్టించింది నువ్వే. అది లేకపోతే అన్నం ఎలా మింగుద్ది? పొలమారిపోదూ?”

“సిస్టర్లు చూసుకుంటారు.”

“హెలెన్!”

“ఏడాదేగా అండీ. మనం అక్కడ కుదురుకోగానే తీసుకెళ్ళిపోతాంగా. మీరేగా చెప్పారు.”

“చెప్పాను.”

“మరి వచ్చాక దానికి కూర్చోడానికి ఉండాలిగా.”

“అక్కడ ఉంటాయి. దీనికంటే మంచివి. గవర్నమెంటే ఇస్తదంట.”

“ఎవరు చెప్పారు? శివాజీనా?”

“ఎవరో ఒకరు చెప్పారు. అయినా ఈ కుర్చీ దానికి ఎనిమిదో ఏట చేయించాం. ఇప్పుడు పదకొండు. వచ్చే ఏడాదికి అందులో పట్టదు.”

“ఆ సంగతి నాకు తెలీదా?”

“తెలిస్తే మరి ఎందుకు?”

“నేను సుద్ద పెట్టేశాను. ఇంకోటి చూడండి.”

“ఏంటా చప్పుడు?”

“లోపల కంచం కింద పడేసింది. ఆడుకుంటోంది.”

“చూసిరా పో.”

“నేను కనపడితే ఎత్తుకోమని గోల చేస్తుంది. ఇంక ఈ పని జరగదు. మీరెళ్ళండి.”

“సరే... వస్తున్నా తల్లీ, స్టెల్లమ్మా! ఏంటమ్మా? ఏం కావాలి? ఏదీ, నాన్నని చూడు. ఇటు, ఇటు చూడు...”

“ఏం చేస్తోందండీ?”

“ఫ్యాను చూసి నవ్వుతుంది. మూతి తుడిచా. నీళ్ళు పట్టనా?”

“ఒద్దు, ఇందాకే పట్టాను. తలుపు దగ్గరకేసి రండి.”

“వేడికి ఉడికిపోద్ది.”

“అయితే తీసే ఉంచండి.”

“ఇదేం మూట? ఈ తెల్లదాంట్లో?”

“చీరలు. మంగళగిరివి.”

“ఇన్ని చీరలా? కొత్తవి కొన్నావా?”

“పాతవేనండీ. మెత్తబడ్డవి. పిల్ల పక్క మీద పరిచేవి.”

“అవి జంక్షన్‌కి పోవాల్సినవి కదా? వేరే దుప్పటి వేస్తే ఒళ్ళంతా దద్దుర్లేగా దానికి.”

“సగం అటు కట్టాను. ఈ సగం ఓడకి.”

“ఓడకెందుకు?”

“ఉండనీండి.”

“అసలు ఇవి ఉతికినవేనా? ఏదో వాసనొస్తుంది.”

“ఉతకలేదు.”

“ఉతక్కుండా మూటకట్టావా? ఓడలో రెండు మూడు నెలలుంటాయి హెలెన్! అక్కడ విప్పేసరికి బూజు పట్టి ఉంటాయి.”

“పట్టనీండి.”

“ఇలా ఇవ్వు, బకెట్లో నానేస్తా. ఎండ బాగానే ఉంది, సాయంత్రానికి ఆరిపోతాయి.”

“ముట్టుకోకండి! ముట్టుకోకండి వాటిని. అలాగే ఉంచండి.”

“సరే. సరే. ఉంచా. అరవకు, పిల్ల బెదురుద్ది. నువ్వు ఏడాది కోసం సర్దుతున్నట్టు లేదు హెలెన్.”

“మీరు మాత్రం ఏడాదని నమ్మి చెప్పినట్టుందా?”

“ఏమన్నావు?”

“ఏమీ అనలేదు.”

“కాదు, అన్నావు. ఏంటి నీ అనుమానం?”

“అనుమానం కాదండీ. హోములో పెద్ద సిస్టరమ్మ అడిగింది గుర్తుందా, మళ్ళీ ఎప్పుడొచ్చి తీసుకెళ్తారని. మీరు గోడ మీద సిలువ వంక చూస్తూ కూర్చున్నారు. నేను చెప్పాల్సొచ్చింది ఏడాదని.”

“నువ్వు చెప్తావులే అనుకున్నా.”

“మొన్న స్టెల్లా పాస్‌పోర్టు మాటెత్తితే బయటికెళ్ళిపోయారు. అక్కడ అద్దెకి చూసే ఇల్లు ఒక్కగది చాలన్నారు శివాజీతో. నేను పక్కనే ఉన్నాను.”

“ముందు మనిద్దరమేగా...”

“తర్వాత ముగ్గురం అవుతాంగా? చెప్పండి. అవుతాంగా?”

“ఏం చెయ్యమంటావే నన్ను? ఆ రొయ్యల ప్లాంటు మూసేసిన రోజు నుంచి తిరగని చోటు లేదు. కోల్డ్ స్టోరేజీ మిషన్లు ఇరవై ఏళ్ళు చూసినోణ్ణి. భీమవరం వెళ్ళా, బందరు వెళ్ళా. ఒకడు వాచ్‌మన్‌గా రమ్మన్నాడు. అది కూడా ఒప్పుకున్నా, నీకు చెప్పలేదు. మర్నాడు వెళ్తే వేరేవాణ్ణి పెట్టుకున్నానన్నాడు.”

“నేను అవన్నీ అడిగానా?”

“దాని ఫిట్స్ మందులు ఆగకూడదు. మనం పోయాక దాన్ని చూసేవాళ్ళు ఉండాలి. ఆ సిస్టర్లు ఉంచుకుంటామన్నారు, జీవితాంతం. వాళ్ళకి డబ్బు పంపాలంటే నేను సంపాదించాలి. ఇక్కడుంటే ముగ్గురం కలిసి మునుగుతాం. అంతే.”

“జీవితాంతమా? ఏడాదని చెప్పాంగా సిస్టర్లతో. జీవితాంతం అని ఎవరు మాట్లాడారు?”

“నేను. నువ్వు పిల్లని తీసుకుని తోటలోకి వెళ్ళినప్పుడు.”

“ఊ.”

“హెలెన్, ఇలా కూర్చో.”

“నిలబడే వింటాను. చెప్పండి.”

“ఈస్టరు ముందు తపస్సుకాలంలో దానికి ఫిట్స్ ఎక్కువై నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు చూడు. ఆ వారమే నా ఇంటర్వ్యూ. ఏజెంటు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. తెర మీద ఒకావిడ. పని గురించి అడిగింది. అమోనియా లీకైతే ముందేం చేస్తావంది. అన్నీ చెప్పా. ఇంగ్లీషు తడబడకుండా చెప్పా. బాగా నవ్వింది.”

“తర్వాత?”

“తర్వాత పిల్లలెంతమంది అంది. ఏజెంటు ముందే అన్నాడు. నడక రాని, మాట రాని పిల్ల ఉందని తెలిస్తే నీ ఒక్కడిక్కూడా వీసా ఇవ్వరు, ఆలోచించుకో అన్నాడు. ఆలోచించుకోడానికి టైమేదీ? ఆవిడ అలా నవ్వుతానే చూస్తుంది.”

“ఏమన్నారు?”

“లేరన్నాను. నోరు దానంతటదే అనేసింది. పిల్లలు లేరండీ అన్నాను. ఆవిడ ఓకే అని కాయితంలో రాసుకుంది. అంతే. ఇంకో ప్రశ్నకెళ్ళిపోయింది. కాబట్టి ఇంక తీసుకెళ్ళలేం. ఏడాదికీ కాదు, పదేళ్ళకీ కాదు. లేని పిల్లని ఎక్కణ్ణుంచి తెచ్చావంటారు? ఉందని చెప్పిన రోజు మనల్నే వెనక్కి పంపేస్తారు. నీకు చెప్పాలని రోజూ అనుకున్నా. పొద్దున పూజలో కూడా అనుకున్నా.”

“...”

“ఏదో ఒకటి అను. తిట్టు. మొహం మీద ఉమ్మెయ్యి. వద్దంటే చెప్పు, ప్యాకర్లకి ఇప్పుడే ఫోన్ చేసి రావద్దంటా. టిక్కెట్లు పోతే పోయాయి. చెప్పు, మానేద్దామా?”

“మానేసి?”

“మానేసి... ఇక్కడే ఎక్కడో...”

“ఎక్కడండీ? చెప్పండి, ఎక్కడ? దాని మందులకి ఎక్కడ? నేను దాన్నొదిలి స్కూల్లో ఆయా పనికైనా పోలేను. మీకు వాచ్‌మన్ పని కూడా దొరకలేదంటున్నారు.”

“తెలీదు.”

“తెలీనప్పుడు ఊరికే మానేద్దామా అని నన్నడక్కండి. నేను మానేద్దామంటే ఏం చేస్తారు? రేపు పొద్దున్నుంచి నా మొహం, దాని మొహం చూస్తూ కూర్చుంటారు. ఆ కుర్చీ మీద సుద్ద తుడిచేయండి. జంక్షన్‌కే పోనీండి.”

“నీకు కావాలన్నావుగా.”

“దానికి అన్నం మింగుడు పడాలిగా. తుడవండి. తడిగుడ్డ ఆ కిటికీలో ఉంది.”

“హెలెన్, నువ్వు ఏడవట్లేదేంటి?”

“సుద్ద కాళ్ళ మీద కూడా పడింది, అక్కడ కూడా తుడవండి.”

“నన్ను తిట్టనన్నా తిట్టట్లేదు. భయమేస్తుంది నాకు. ఏదైనా అను.”

“మిమ్మల్ని తిట్టే నోరు నాకు లేదండీ.”

“అదేం మాట?”

“మీ ఇంటర్వ్యూకి నెల ముందు, పిల్లని పక్కింటావిడకి అప్పజెప్పి, వీసా మెడికల్‌కని ఇద్దరం హైదరాబాదు వెళ్ళాం. నన్నొక్కదాన్నే లోపలికి పిలిచారు.”

“ఊ. ఏమీ అడగలేదు, పడుకోబెట్టి చూసి పంపేశారన్నావుగా.”

“అలా చెప్పాను మీకు.”

“మరి? అడిగారా?”

“పొట్ట మీద ఆపరేషను కుట్లు చూసి ‘బిడ్డేదమ్మా?’ అంది డాక్టరమ్మ. ‘పుట్టగానే పోయిందండీ’ అన్నాను.”