బొమ్మరాళ్లపల్లెలో పనిచేసేటోళ్ళు ఎంతమంది

మద్దిలేటి అని ఒకడుండె, మా బొమ్మరాళ్లపల్లెలోనే. మనిషి ఎట్లుండేటోడంటే, ఊరి నడిమిట్ల రాతిగుండు ఉండాది గదా, ఉగాదినాడు మొగోళ్ళు ఎత్తే గుండు, దాన్ని బుజం మీదికెత్తుకోని అట్లనే నిలబడి ఆకూవక్కా ఏసుకునేటోడంట. పనికి పిలిస్తే మాత్రం నడుం నొప్పి. నవ్వొద్దు, మా ఊళ్ళో అందరికీ అంతే, నాకూ అంతే. ఆ మద్దిలేటి ఒగనాడు సంతకు పోయినాడు. ఆడ ఉల్లికుంట చౌడమ్మ జొన్నల మూట పక్కన నిలబడి, ఓ అబ్బయ్యా, ఈ మూట కాస్త ఎత్తిపెట్టు అనిందంట. వీడు ఒక్క చేత్తో ఎత్తి ఆ పిల్ల నెత్తిన పెట్టినాడు. ఆ పిల్ల నవ్వింది. అంతే, సంతలో ఏం కొనను పోయినాడో వీడికి మతికే లేదు. ఇంటికొచ్చి సంగటి ముందర పెట్టుకోని కూచుంటాడు, తినడు. వాళ్ళ మేనత్త సంగతి కనిపెట్టి, ఉల్లికుంటకు పోయి ఆ పిల్ల నాయన తిమ్మప్పతో మాట్లాడొచ్చిందంట. సరే, పున్నమి పోనీ, ఊరినీ పిల్లోణ్ణీ సూసి చెప్తాం అన్నాడంట తిమ్మప్ప. ఇంక మద్దిలేటి రోజూ ఆకాశంకల్లా సూడటమే పని. వాడు చేసిన పని అదొకటే అనుకో.

ఇక్కడ ఏమైందంటే, అప్పట్లో ఈ సీమంతా ఒక పాలెగాని కింద ఉండె. ఆ పాలెగాడు కోట చుట్టూ అగడ్త తవ్వియ్యాలనుకున్నాడు. ఊరూరికీ జమేదారు వస్తాడు, పనిచేసేటోళ్ళు ఎంతమంది ఉంటే అందులో సగం మందిని తోలుకపోతాడు, కూలీ గీలీ ఏం లేదు, గంజి పోస్తారంతే అని దండోరా ఏసినారు. మా ఊరిపెద్ద ఎల్లారెడ్డి అందరినీ పిలిచి, అసలు మన ఊళ్ళో పనిచేసేటోళ్ళు ఎంతమందిరా అని అడిగినాడంట. చెప్పు సూస్తాం? ఎవురికీ తెలీదు. ఆడోళ్ళను అడిగితే, మా ఇంట్లో ఒక్కరే, అది నేనే అని ప్రతి ఆడమనిషీ అనిందంట. ఎల్లారెడ్డికి లెక్క తెగల్యా. వానలు ముంగట ఉండాయి, సగం మంది పోతే చేన్లు బీడుపడతాయని ఆయప్ప బాధ. అందుకని ఏమన్నాడంటే, సగం లెక్క మనకెందుకురా, అసలు పనిచేసేటోడే లేడంటే సరిపోతుంది గదా, జమేదారు వచ్చినపుడు ఊరంతా కుంటాల అన్నాడు. ఆ మాట మావోళ్ళకు భలే నచ్చింది. ఎందుకంటే కుంటేదానికి వొళ్ళు వంచాల్సిన పని లేదు గదా.

ఊళ్ళో నిజంగా ఒక కాలు పొట్టిగా పుట్టినోడు సుంకన్న ఒక్కడే. వాణ్ణి పిలిచి, రేయ్, మాకు నేర్పియ్ అన్నారు. వాడు మడక బుజానేసుకోని చేనికి పోతా పోతా, నేను నడిచేది ఇట్లనే, కుంటేదెట్లో నాకు తెలీదు అని ఎల్లిపాయ. మావోళ్ళే వాని ఎనకాల కాసేపు పోయి, సూసి, నేర్చుకున్నారు. ఒక పని అంత శ్రద్ధగా మా ఊళ్ళో ముందూ చెయ్యలేదు, ఎనకా చెయ్యలేదు. ఇంక గుట్ట మీద మేకలు కాసే ఎంగటమ్మకు, తలగుడ్డ కట్టుకోని, చేతికర్ర పట్టుకోని కొత్తోళ్ళు ఎవురొచ్చినా కూతెయ్ అని చెప్పిపెట్టినారు.

ఒకనాడు పొద్దున్నే ఎంగటమ్మ కూతేసింది. ముగ్గురు మనుషులు, తలగుడ్డలు, చేతికర్రలు. మద్దిలేటి అత్త ఒక్కతే ఆపొద్దు సంతకు పోయింది, మిగతా ఊరు ఊరంతా కుంటింది సూడు! ఎల్లారెడ్డి రెండు కర్రల మీద ఎదురుపాయ. మంచం మీద కొందరు, గోడకానుకోని కొందరు. ఆ వచ్చినోళ్ళల్లో పెద్దమనిషి ఇటూ అటూ సూసి, ఏమప్పా, ఈ ఊళ్ళో గట్టిగా పనిచేసే పిల్లోళ్ళు ఉండారా అని అడిగినాడు. ఎల్లారెడ్డి, ఒక్కడూ లేడు సామీ, మా ఊరి నీళ్ళే అట్లాంటివి అన్నాడు. మద్దిలేటి అని ఒకడు ఉండాడంట గదా, గుండెత్తుతాడంట అన్నాడు ఆ పెద్దమనిషి. ఎల్లారెడ్డి, వీని పేరు కోటదాకా పోయిందే, ముందుగాల వీణ్ణే పట్టుకపోతారే అనుకోని, వాడా సామీ, వాడు మాకంటే అధ్వాన్నం, అదిగో సూడండి అన్నాడు. మద్దిలేటి అందరికంటే మించిపోయినాడంట ఆపొద్దు. రెండు కాళ్ళూ పడిపోయినట్ల, చేతులతో నేల మీద ఈడ్చుకుంటా వచ్చి ఆ పెద్దమనిషి ముందర ఆగినాడు.

"పుట్టినప్పటి నుంచీ ఇంతే సామీ. మా అత్త ముద్ద చేసి నోట్లో పెడితే తింటా," అన్నాడు.

ఆ పెద్దమనిషి వాణ్ణి సూసి, తువ్వాలతో కండ్లు తుడుచుకోని, వచ్చిన దోవనే మళ్ళుకున్నాడు. వాళ్ళు గుట్ట దాటినారో లేదో ఊళ్ళో ఒకటే నవ్వులు. మద్దిలేటి లేచి గంతులేసి, గుండెత్తి బుజాన పెట్టుకున్నాడు. అంతలో సుంకన్న చేని నుంచి వచ్చి, ఏందప్పా, ఉల్లికుంట తిమ్మప్ప మామ కండ్లు తుడుచుకుంటా పోతాండాడు, మనూళ్ళో ఎవురన్నా సచ్చినారా అని అడిగినాడంట. వాడు కోతలకు ఉల్లికుంటకు పోతాంటాడు గాబట్టి ఆయప్పను ఎరుగును. చెప్పి వస్తే అందరూ మంచోళ్ళ మాదిరి కనపడతారని, తిమ్మప్ప చెప్పకుండా ముందే వచ్చినాడు పాపం. మద్దిలేటి బుజం మీది గుండు జారి పక్కన పడింది. కాలి మీద పడింటే బాగుండు, సగమన్నా నిజమయ్యుండు అనుకున్నాడంట వాడు.

ఇంక వాని ఏడుపు ఎవురూ సూడల్యాకపోయినారంట. అత్త మళ్ళా ఉల్లికుంటకు పోయింది. తిమ్మప్ప ఆమెను గడప దాటనియ్యల్యా, కుంటోడని ఒక్క మాటన్నా ముందే చెప్పింటే నేను అంత దూరం నడిచే పని తప్పేది గదమ్మా అన్నాడంట. ఆమె బయటనుంచే, అది తమాషాకు చేసినారన్నా, ఇంకొక్కసారి వచ్చి సూడు, నీకు పుణ్యముంటాది అని చెప్పి వచ్చేసింది. ఊరోళ్ళకు గూడా తలకొట్టేసినట్లయింది. ఈసారి ఎవురొచ్చినా మన బలమంతా సూపియ్యాల, పిల్లోని బతుకు నిలబెట్టాల అని అందరూ ఒట్టేసుకున్నారు. కుంటే సంగతి అందరూ మరిచిపోయినారు. మాకు ఒక సంగతి తలకెక్కితే ఇంకొకటి కిందికి దిగిపోతుంది, ఏం చేస్తాం.

మళ్ళా ఎంగటమ్మ కూత. ముగ్గురు మనుషులు, తలగుడ్డలు, చేతికర్రలు. పెండ్లోళ్ళురో అని ఊరంతా లేచింది. ముసిలోళ్ళు బండలు ఎత్తినారు. ఆడోళ్ళు బిందె మీద బిందె పెట్టుకోని పరిగెత్తినారు. మద్దిలేటి గుండెత్తుకోని ఊరి చుట్టూ తిరిగి వచ్చి నిలబడినాడు. ఈసారి తిమ్మప్ప రాల్యా, ఆయప్ప తమ్ముణ్ణి పంపిచ్చినాడేమోలే అనుకున్నారు గానీ, ఎవురు నువ్వని ఒక్కడన్నా అడిగితే గదా. ఆ వచ్చినాయన గూడా అదే మాట, మీ ఊళ్ళో పనిచేసేటోళ్ళు ఎంతమంది అని. ఎల్లారెడ్డి మీసం దువ్వి, మా ఊళ్ళో పనిచెయ్యనోడు పుట్టనేలేదు, ఒక్కొక్కడు ఇద్దరి పని చేస్తాడు, ఆడోళ్ళు గూడా అంతే అన్నాడు. ఆయన శానా సంతోషపడి, అట్లయితే లెక్క సుళువే అన్నాడంట.

"ఒకొక్కరు ఇద్దరి కింద లెక్క. అందులో సగమంటే మీరందరూ. ఆడోళ్ళు గూడా నడవండి. నేను పాలెగాని జమేదారును."

అట్ల మా ఊరు ఊరంతా అగడ్త తవ్వను పోయింది. సుంకన్న ఒక్కడు అప్పుడు చేన్లో మడక దున్నుతాండె. పనిలో ఉన్నోణ్ణి ఎవురూ లెక్కపెట్టల్యా.

మద్దిలేటికి కోటకాడ ఎండ తెలీదు, గంజి రుచి తెలీదు. పిల్ల పాయ, ఇంకేముంది అని మన్ను మోస్తా ఉండాడు. నడుం నొప్పి గూడా మరిచిపోయినాడంటే ఎంత బాధో సూడు. అట్ల ఉండంగా ఒగనాడు ఎనకనుంచి, ఓ అబ్బయ్యా, ఈ గంప కాస్త ఎత్తిపెట్టు అని గొంతు. తిరిగి సూస్తే చౌడమ్మ. వీడు గంప ఎత్తల్యా, అట్లనే నిలబడినాడు.

"కాళ్ళు ఎప్పుడొచ్చినాయి నీకు?" అనిందంట ఆ పిల్ల.

వీడు ఏడుస్తా ఏడుస్తా జరిగిందంతా చెప్పినాడు. ఆ పిల్ల గంప మీదనే కూలబడి ఒకటే నవ్వు. నవ్వి నవ్వి ఏం చెప్పిందంటే, మా ఊరోళ్ళు జమేదారుకు గుడ్డోళ్ళమని చెప్పినారు, ఒక ఎద్దు తాడు తెంపుకోని వచ్చేతలికి గుడ్డోళ్ళందరూ ఒకేసారి చింతచెట్టు ఎక్కినారు, అందరికంటే పైకొమ్మన మా నాయన ఉండె, అట్ల దొరికిపోతే మమ్మల్ని గూడా ఈడికి తోలుకొచ్చినారు అనింది. ఇంత చేసినాయప్ప, మీ ఊరు సూసి నిజమనుకోని ఇంటికొచ్చి అన్నం మానేసినాడు, ఏం చెప్తాం అనింది. మద్దిలేటి మెల్లగా, నువ్వు గూడా నమ్మినావా అని అడిగినాడు.

"నమ్మింటే ఈ గంప ఎత్తమని నిన్నెందుకు పిలుస్తా?"

తిమ్మప్ప ఒక పట్టాన ఒప్పుకోల్యా. వంగి, వాని పిక్కలు పట్టి పట్టి సూసి, నడిపిచ్చి, పరిగెత్తిచ్చి, అప్పుడు సరేలే అన్నాడంట. అగడ్త గట్టు మీదనే పెండ్లయింది, కోటోళ్ళు పోసిన గంజే పెండ్లి భోజనం. అందరూ ఊరికి తిరిగొచ్చి సూస్తే, సుంకన్న చేన్లో కొర్ర ఏపుగా నిలబడి ఉండాది, మిగతాదంతా బీడు. ఆ ఏడు ఊరంతా వాని కొర్రలే తినింది. ఇంతమందికి పెట్టేదానికి వాడు ఇంకో చేను గూడా దున్నింటే బాగుండు అని మావోళ్ళు సణిగినారంట గూడా.

ఆ మద్దిలేటీ చౌడమ్మే మా ముత్తాత, ముత్తవ్వ. అందుకే నాకు ఎవురన్నా పని చెప్తే ఈ కాలు దానంతటదే కుంటుతుంది, పని ఎదురుగా పడుంటే కండ్లు ఆనవు, రెండు పక్కలనుంచీ వచ్చింది, నేనేం చేసేది. నువ్వు దూరం నుంచి వచ్చినావు సారూ, మా ఊరి కతలు రాసుకుంటాండావు. ఈ ఊళ్ళో పనిచేసేటోళ్ళు ఎంతమందని ఎవురన్నా అడిగితే చెప్పు. సుంకన్న ఒక్కడు ఉండె, వాడూ సచ్చిపాయ.